మిద్దె మీద మంద

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు ‘మూగటీచరు’. పుట్టు చెవుడున్న పిల్లలకు మాటలు నేర్పడం నా ఉద్యోగం. పిల్లలకు పెట్టిన పేరే టీచరుకూ అంటుకుంది. నాతో కాసేపు కూర్చున్న వాళ్లెవరూ ఆ పేరు నమ్మరు. నేను మాట్లాడటం మొదలుపెడితే ఆపడం మా ఇంట్లో వాళ్లకే చేతకాదు.

రిటైరయ్యాక, ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. చెవి మిషన్ల గురించి అడుగుతారు, శిక్షణ పద్ధతుల గురించి అడుగుతారు. అవి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పేది ఒకటే. పిల్లకు మాట రావాలంటే ముందు ఆ పిల్ల తల్లి రాత్రిపూట ఎక్కడ తల వాలుస్తోందో కనుక్కోండి అంటాను. వాళ్లు మర్యాదగా నవ్వి టీ తాగి వెళ్లిపోతారు. ముసలావిడ చాదస్తం అనుకుంటారు కాబోలు. అందుకే ఈ సంగతి కూర్చుని రాస్తున్నాను.

పుట్టు చెవుడున్న చిన్నపిల్లలకు ఇప్పుడు ఆపరేషన్ చేసి చెవి లోపల ఒక మిషను పెడతారు. బయట చెవి వెనక ఇంకొకటి తగిలిస్తారు. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంటుంది. అక్కడితో అంతా అయిపోయిందని జనం అనుకుంటారు. నిజానికి మొదలయ్యేదే అక్కడ. మిషను పెడితే వచ్చేది శబ్దం, మాట కాదు. ఆ శబ్దం కుక్కదో, కుక్కరుదో, అమ్మదో ఆ పిల్లకు తెలియదు. వారం వారం కూర్చోబెట్టి నేర్పాలి. చిన్న వయసులోనే నేర్పాలి, ఏళ్ల తరబడి నేర్పాలి. ఆ శిక్షణ బాగా ఇచ్చేవాళ్లు మాకు దగ్గరలో అంటే బెంగళూరులోనే ఉన్నారు. వారంలో వరసగా రెండు రోజులు రమ్మంటారు. ఇంటికి వచ్చాక చేయించాల్సినవి చేయించడం నా పని.

మా రైలు దారిలో బెంగళూరు పెద్ద దూరం కాదు కదా, పొద్దున పోయి సాయంత్రం రావచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట్లో అదే అన్నాను. పల్లె నుంచి చీకటితో లేచి స్టేషన్‌కు వచ్చి రైలెక్కి, సాయంత్రం తిరిగి ఇల్లు చేరి, మర్నాడు మళ్లీ చీకటితో లేస్తే ఆ పిల్ల శిక్షణలో కూర్చుని కునికిపాట్లు పడుతుంది. కునికే పిల్లకు ఎవరు ఏం నేర్పుతారు?

ధర్మవరంలో ఒక నేత ఇంటి పాప ఉండేది. ఆ ఇంట్లో సగం మగ్గమే. అమ్మానాన్న నేస్తుంటే ఆ పాప మగ్గం గుంజను పట్టుకుని, ఆ అదురును అరచేత్తో వింటూ కూర్చునేది. ఆ పాపకు ఆపరేషన్ అయింది. మొదట్లో వారం వారం బెంగళూరు పోయి వచ్చారు. తర్వాత పదిహేను రోజులకొకసారి, ఆ తర్వాత పండక్కో పబ్బానికో. భార్యాభర్తలిద్దరూ పనిలో ఉంటేనే పట్టుచీర ముందుకు సాగుతుంది. తల్లి ఊళ్లో లేకపోతే మగ్గం ఆగిపోతుంది. దానికి తోడు లాడ్జీ అద్దె. ఒకసారి నేను పోయేసరికి పాప చెవికి మిషను లేదు. బీరువాలో పట్టుగుడ్డ ముక్కలో చుట్టి భద్రంగా దాచారు. పాడవుతుందని భయమట. రైల్లో హిందూపురం వచ్చేదాకా ఏడుస్తూ కూర్చున్నాను.

అందుకే, పెనుకొండ దగ్గర పల్లెలో గొర్రెల కాపర్ల ఇంట్లో పాపకు ఆపరేషన్ అయిందని తెలిసినప్పుడు నాకు సంతోషం కంటే భయం ఎక్కువైంది.

పాపకు మూడేళ్లు దాటాయి. చురుకైన పిల్ల. తండ్రి ఏడాదిలో సగం మంద వెంబడే తిరిగేవాడు. మేత కోసం తనకల్లు వైపు, ఇంకా అవతలికి కూడా తోలుకుపోయేవాడు. ఇంటి దగ్గర కొన్ని గొర్రెలు, వాటిని చూసుకునే తాత, పాప, తల్లి. తల్లి సన్నగా, ఎప్పుడూ కొంగు నడుముకు చెక్కుకుని ఉండేది. నేను అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప ఎక్కువ మాట్లాడేది కాదు. మా ఇద్దరికీ సరిపోయేంత నేనే మాట్లాడేదాన్ని.

మిషను పెట్టాక పాప మొట్టమొదట తల తిప్పింది గొర్రెపిల్ల మెడలో గంటకు. మేము గిలకలు ఆడించాము, పళ్లాలు వాయించాము, చప్పట్లు కొట్టాము. దేనికీ తిరగని పిల్ల ఆ గంటకు తిరిగి చూసింది. ఇక తాతను పట్టలేకపోయాము. గంట విప్పి చేత్తో పట్టుకుని ఆ పిల్ల ఎక్కడికి పోతే అక్కడికి వెంటపడి మోగించాడు. చివరికి నేనే కోప్పడి గంట మళ్లీ గొర్రె మెడకు కట్టించాను.

ఇక్కడ మా పనిలో సంగతి ఒకటి చెప్పాలి. చెవిటి పిల్ల తనకు కనిపించే మనిషితోనే వ్యవహారం పెట్టుకుంటుంది. కొంగు లాగుతుంది, గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంటుంది. కనిపించని మనిషి ఆ పిల్లకు లేనట్టే. మనం ‘అమ్మ’ అంటే తిరిగి ‘అమ్మ’ అనడం గొప్పే. కానీ మేము ఎదురుచూసేది దానికోసం కాదు. ఎవరూ చెప్పకుండా, గోడకు అవతల ఉన్న మనిషిని ఆ పిల్ల గొంతెత్తి పిలిచే రోజు కోసం. తన గొంతు కంటికి కనపడని చోటికి కూడా పోతుందని పిల్లకు తెలిసిన రోజు అది. ఆ రోజు వస్తే ఇక భయం లేదు. శిక్షణ మధ్యలో ఆగితే మాత్రం ఆ రోజు రాదు.

ఆగకూడదంటే బెంగళూరులో వారానికొక రాత్రి ఆ తల్లీబిడ్డలకు నీడ కావాలి. ఈ ఒక్క పని నాకు చుక్కలు చూపించింది.

మాతో అగళి సారు ఒకాయన పనిచేసేవారు. నడవలేని పిల్లలకు కసరత్తులు చేయించడం ఆయన ఉద్యోగం. కర్ణాటక సరిహద్దులోని అగళి ఊరాయన కాబట్టి కన్నడం ఇంటి భాషంత బాగా వచ్చు. బెంగళూరు తనకు అరచేతిలో ఉందని చెప్పుకునేవారు. ఆయన అరచేతిలో ఉన్నది ఎప్పటి బెంగళూరో అక్కడికి పోయాక తెలిసింది. మంచి చవక లాడ్జీ ఉందన్న చోట అద్దాల మాల్ ఉంది. ఆయన దాని ముందు నిలబడి, “ఈడే కదా మేడం ఉండాల్సింది” అని ఆ మాల్‌నే తప్పుపట్టారు.

చివరికి బస్టాండు దగ్గర ఒక లాడ్జీ కుదిర్చాము. మొగుడు రాలేదేమని అక్కడ మొదటి ప్రశ్న. గది తలుపుకు గడియ సరిగా పడేది కాదు. ఎవరో తాగి వచ్చి తలుపు తట్టారని, పాపను ఒళ్లో పెట్టుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చున్నానని ఆ అమ్మాయి తర్వాతెప్పుడో చెప్పింది. తర్వాత బెంగళూరులోనే ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఉంచాను. రెండోసారి పోయేసరికే వదిన మొహంలో నవ్వు మాయమైంది. తప్పు ఆమెది కాదు, ఉన్నవి రెండు గదులు. ఒక సత్రంలో అడిగితే ఆసుపత్రిలో చేరిన రోగి బంధువులకే ఇస్తామన్నారు. మా పాప రోగి కాదు కదా. రోగి కాకపోవడం కూడా ఒక లోపమేనని అప్పుడే తెలిసింది.

“ఈ వారం పోము మేడం” అని ఆ అమ్మాయి ఒకసారి ఫోన్ చేసింది. నాకు ధర్మవరం బీరువా కళ్ల ముందు కదిలింది. ఎట్లాగైనా పొమ్మని, స్టేషన్ వెయిటింగ్ హాల్లో ఆడవాళ్ల వైపు ఉండమని బతిమాలాను. సరేనంది. ఆ సాయంత్రం నేను ఫోన్ చేశాను.

“స్టేషన్లోనే ఉండారా?”

“లేదు మేడం. ఒగ మిద్దె ఇంట్లో ఉండాం.”

“ఎవరి ఇల్లు?”

“ఎవరిదో నాకూ తెలీదు. ఆ ఇంటి మిద్దె మీద కరేపాకు చెట్టు పండుబారి ఉండాది మేడం. దానికి ఎరువు లేదు.”

ముక్కూ మొహం తెలియని ఇంట్లో, ఊరు కాని ఊళ్లో, పసిపిల్లతో! ఫోన్లోనే చెడామడా తిట్టాను. అంతా విని, “భయం లేదు మేడం, మంచి చేను” అని ఫోన్ పెట్టేసింది. తెల్లారి తిండి కూడా తినకుండా అగళి సారును వెంటబెట్టుకుని రైలెక్కాను.

ఆ ‘చేను’ మాట అర్థం కావాలంటే మా వైపు పద్ధతి ఒకటి తెలియాలి. పంట కోసుకున్నాక రైతులు తమ చేలో గొర్రెల మంద పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటాయి. పెంటికలు, మూత్రం నేలలో ఇంకి మరుసటి పంటకు బలమవుతాయి. అందుకు బదులు రైతు కాపరికి గింజలిస్తాడు, ఆ పూట తిండి పెడతాడు. రైతు దానం చేసినట్టు కాదు, కాపరి అడుక్కున్నట్టూ కాదు. కొత్త ఊరికి పోయిన కాపరి ఇల్లు వెతకడు. బలం తగ్గిన చేను ఎక్కడుందా అని చూస్తాడు. ఆ చేనే ఆ రాత్రికి అతని ఇల్లు.

శిక్షణ అయ్యాక ఆ అమ్మాయి పాపను చంకనేసుకుని స్టేషన్ వైపు నడుస్తూ అలాగే చూసిందట. తలుపుల వైపు కాదు, మిద్దెల మీదికి. ఒక ఇంటి పైనుంచి పసుపు తిరిగిన కరివేపాకు కొమ్మలు వేలాడుతున్నాయి. పక్కన ఎండుమొహం పడ్డ కుండీలు. పోయి గంట కొట్టింది. వచ్చీరాని కన్నడంలో, మీ చెట్టుకు జబ్బు చేసిందని, తమ ఇంట్లో గొర్రె ఎరువు కావాల్సినంత ఉందని, వారం వారం తెచ్చి వేస్తానని, వారంలో ఒక రాత్రి మిద్దె మీద చోటిస్తే చాలని చెప్పింది.

ఆ ఇంటావిడ నా కంటే పెద్దది. భర్త పోయి కొన్నేళ్లయింది. కొడుకు ఊరి ఆ చివర అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. ఈమె కింద ఒక్కతే, మిద్దె మీద కుండీలు, ఒక మూల పాత సామాను వేసిన గది. మాటల్లో నాకేమీ తీసిపోయేది కాదు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఎందుకు రానిచ్చారని కన్నడంలో అడిగాను. “చాలామంది వచ్చి గది ఉందా అని అడుగుతారు. చెట్టు బాగుందా అని అడిగింది ఈమే” అంది. పైకి పోయి చూస్తే పాత సామానంతా ఒక పక్కకు సర్ది, కడిగిన నేల మీద చాప వేసి ఉంది. గడియ గట్టిగా ఉందా లేదా అని నేను నాలుగైదు సార్లు వేసి తీసి చూశాను.

రెండో వారం ఆ అమ్మాయి ఎండిన ఎరువును శుభ్రమైన సంచిలో కుట్టి, రైలు సీటు కింద పెట్టుకుని తీసుకుపోయింది. ఎండినదానికి వాసన రాదని నాతో వాదించింది. బోగీలో వాళ్ల సాక్ష్యం నేను అడగలేదు. మిద్దె మీద కుండీలన్నీ గుల్ల చేసి, ఎరువు వేసి, నీళ్లు పట్టి, చేతులు కడుక్కుంది. తర్వాత పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఇద్దరి ముందు రెండు ఖాళీ కంచాలు పెట్టుకుని గది ముందు నిశ్చింతగా కూర్చుంది.

పైకొచ్చిన ఇంటావిడకు ఏమీ అర్థం కాలేదు. ఖాళీ కంచాల ముందు తల్లీబిడ్డలు నవ్వుతూ కూర్చున్నారు. ఏదో మొక్కు అనుకుందట. కిందికి దిగి, అగళి సారు ఇచ్చిపోయిన నంబరుకు ఫోన్ చేసింది. ఆయనకూ తెలియక నాకు చేశారు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మంద పెట్టించుకున్న రైతు కాపరికి తిండి పెట్టాలి, అది పద్ధతి, మీరు ఇంకా వడ్డించలేదని వాళ్లు ఎదురుచూస్తున్నారని చెప్పమన్నాను. ఆ ఇంటావిడ అప్పటికప్పుడు రాగి పిండి కలిపి, ముద్ద చేసి, ఆకుకూర చారు కాచింది. భర్త పోయాక తన ఒక్కదానికి తప్ప పొయ్యి వెలిగించలేదని, ముద్ద కెలకడానికి చేతులు మరిచిపోయాయేమోనని భయపడ్డానని తర్వాత నాతో చెప్పింది. అప్పటినుంచి వారంలో ఆ ఒక్క పూట కోసం ఆమె ముందురోజే కూరగాయలు తెచ్చుకునేది.

ఇంకొక చిక్కు ఉంది. పాపకు మొదట ఒకే భాష గట్టిగా వినిపించాలని బెంగళూరు శిక్షకురాలు చెప్పింది. తెలుగు తెలిసిన మనిషి ఆమె, తెలుగే మాట్లాడండి అంది. ఇంటావిడకు తెలుగు రాదు. అంత మాటకారి మనిషి, పాప ఎదుట పడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నాకే జాలేసింది. కొన్నాళ్లకు తనే పాప తల్లి దగ్గర పాఠం మొదలుపెట్టింది. దా. తిను. నీళ్లు తాగు. యాడికి పోతాండావు? పెనుకొండ పల్లె తెలుగు ఆమె నోట్లో కన్నడ రాగంతో పలికేది. ఆమె పలికిన తీరుకు పాప తల్లి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పాపకు ఆమెను ‘అవ్వ’ అని చూపించారు.

నెలలు గడిచాయి. కరివేపాకు నల్లగా నిగనిగలాడింది. టమాటాలు కాశాయి. పాప ‘అమ్మ’ అంది, ‘నీళ్లు’ అంది, గొర్రెను చూపిస్తే ‘గొయ్య’ అంది. అన్నీ మనం అడిగితేనే, మన మొహం చూసి. తనంతట తాను గొంతెత్తడం మాత్రం లేదు.

అప్పుడు కొడుకు వచ్చాడు. చెడ్డవాడు కాదు. అమ్మ ఫోన్లో తెలుగు మాటలు మాట్లాడుతోందని అనుమానం వచ్చి ఒక సెలవురోజు వచ్చి చూశాడు. ఒంటరి ముసలమ్మ, ఎక్కడివాళ్లో తెలియని మనుషులు, ఇంటి తాళాలు. రోజూ వార్తల్లో వినేవన్నీ అతనికి గుర్తొచ్చాయి. వచ్చే వారం నుంచి రావద్దని పాప తల్లికి మర్యాదగానే చెప్పాడు. ఆమె నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. “ఈ చేను పాయ మేడం” అంది. నేనూ అగళి సారూ మళ్లీ రైలెక్కాము.

ఆ రోజు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఇంటావిడ హాల్లో కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. ఇంటావిడ సోఫాలో. పాప తల్లి గడప పక్కన నిలబడింది, పాప ఆమె కాలు పట్టుకుని ఉంది. నేను మొదలుపెట్టాను. మెదడు గురించి చెప్పాను, వయసు గురించి చెప్పాను, ధర్మవరం బీరువా గురించి చెప్పాను. అగళి సారు మధ్యమధ్య కన్నడంలో నా మాటలకు మెరుగులు దిద్దారు. అతను అంతా విని, పాప మీద నాకూ జాలి ఉంది మేడం, కానీ మా అమ్మకు ఏదైనా అయితే ఎవరు బాధ్యులు అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

అప్పుడు పాప తల్లి నోరు తెరిచింది.

“అయ్యా, మంద పెట్టిన చేనుకు మేం చెడుపు తలచం. ఆ చేను పండితేనే కదా మళ్లా మమ్మల్ని పిలిచేది.”

అగళి సారు దాన్ని కన్నడంలో చెప్పారు. ఈసారి మెరుగులు దిద్దలేదు. ఇంటావిడ లేచి నిలబడింది. ఇది నా చేను, ఇందులో మంద ఉండాలో వద్దో నేను చెప్తాను అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కొడుకు వైపు చూడలేదు. కొడుకును కాదనడం ఆమెకు అలవాటు లేదని చూస్తేనే తెలిసింది.

అతను లేచి పోయి వీధి తలుపును, దాని పైన గోడను చూసి వచ్చాడు. తర్వాత, సరే, తలుపు దగ్గర కెమెరా పెట్టిస్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు అన్నాడు. వచ్చేపోయేవాళ్లు తన ఫోన్లో కనిపిస్తారట, మాటలు కూడా వినిపిస్తాయట. నాకు కాస్త చివుక్కుమంది. పాప తల్లి మాత్రం, “పెట్టించు సామీ, చేనుకు కాపలా ఉండాల్సిందే” అంది.

అప్పటినుంచి ఆమె తిరిగి పోయేటప్పుడల్లా గడప బయట నిలబడి, ఎరువు తెచ్చిన ఖాళీ సంచి దులిపి, కెమెరాకు ఎత్తి చూపించేది. ఒకసారి నేను అక్కడ ఉండగా చూసి కోప్పడ్డాను. నువ్వేమైనా దొంగవా, అట్లా చూపించడానికి అన్నాను.

“మంద లేపేటప్పుడు రైతు చూస్తాండంగానే గొర్రెల్ని లెక్క ఎంచుకుంటాం మేడం. మావి మేము తోలకపోతాండామని ఆయనకూ తెలియల్ల కదా” అంది. ఆమెకు అది అవమానం కాదు, మర్యాద.

కొడుకు కూడా మారుతూ వచ్చాడు. మొదట్లో అమ్మ క్షేమం కోసం చూసేవాడు. తర్వాత్తర్వాత పాప ఏం చేస్తోందని చూసేవాడని వాళ్లమ్మే నవ్వుతూ చెప్పింది. ఒకసారి పాప కోసం రంగుల బంతి తెచ్చి, ఇవ్వడం తెలియక కెమెరా కింద పెట్టి పోయాడట.

నా సర్వీసు చివర్లో ఒక రోజు. హిందూపురం చింతపండు మండీలో ఏడాదికి సరిపడా చింతపండు బేరం చేస్తున్నాను. బేరంలో దుకాణదారు దాదాపు నా దారికి వచ్చాడు. అంతలో ఫోన్ మోగింది. ఇంటావిడ కొడుకు పంపిన వీడియో. కింద కన్నడంలో, మేడం, ఇది వినండి అని మాత్రం రాశాడు.

పైనుంచి చూస్తున్న కెమెరా. తలుపు సగం తెరిచి ఉంది. పాప తల్లి బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది. ఎప్పటిలాగే ఖాళీ సంచి దులిపి పైకెత్తి చూపించింది. పాప ముందుకు పరిగెత్తి గేటు దాకా పోయింది. పోయి ఆగింది. వెనక్కి తిరిగి గడప దాకా వచ్చింది. తలుపు సందులోంచి లోపలికి చూసింది. ఇంటావిడ కనపడలేదు. లోపల వంటింట్లో ఉన్నట్టుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పాప అటే చూస్తూ, ఛాతీ నిండా గాలి పీల్చుకుని అరిచింది.

“అవ్వా... పోయ్యొత్తా!”

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తర్వాత వంటింట్లోంచి, కన్నడ రాగంతో, “పోయి రా తల్లీ” అని ముసలి గొంతు వచ్చింది. పాప తృప్తిగా తల ఊపి మళ్లీ గేటు వైపు పరిగెత్తింది.

చింతపండు దుకాణదారు, “ఏమాయ మేడం?” అని అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు. అన్నేళ్లూ ఊరు పిలిచిన పేరు ఆ పూట నిజమైంది. కళ్లు తుడుచుకుని, అతను చెప్పిన ధరకే తూకం వేయించుకున్నాను.

ఇంటికి వచ్చి వీడియో మళ్లీ పెట్టాను. మండీలో కళ్లు మసకబారి చివరి ముక్క చూడనే లేదు. పాప గేటు వైపు పరిగెత్తాక తల్లి కదలకుండా అక్కడే నిలబడి ఉంది. చేతిలో సంచి జారి కింద పడింది. కొంతసేపటికి తేరుకుని పాపను పిలిచి చంకకెత్తుకుంది. రెండు అడుగులు వేసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చింది. కెమెరా కిందికి వచ్చి, ఎప్పుడూ సంచిని ఎత్తినట్టే పాపను రెండు చేతులతో పైకెత్తి చూపించింది.

“అయ్యా,” అంది, “ఈ పొద్దు మాత్రం మీ ఇంట్లోనుంచి ఒగటి తీసకపోతాండాం.”